సాయంత్రం దురద, రాత్రి దగ్గు, తెల్లారి తుమ్ములు: ఎనిమిదేళ్ల బాబు కేస్ స్టడీ

ఆ తల్లి నా ఎదురుగా కూర్చుని, సంచిలోంచి మందుల చీటీలు తీసి బల్ల మీద పరిచారు. పద్నాలుగు ఉన్నాయి. ఏడాదిన్నరలో నలుగురు డాక్టర్లు రాసినవి. "డాక్టర్‌గారూ, వీడికి రక్తంలోనే ఎలర్జీ ఉందన్నారు. వానలు మొదలైతే చాలు, ఒళ్లంతా దద్దుర్లు, ముక్కు కారడం, దగ్గు. ఏది పడట్లేదో తెలియక తిండి కూడా ఒక్కొక్కటే మాన్పించేశాను" అన్నారు. బాబు కుర్చీలో కుదురుగా కూర్చోలేక, కాలి మీద పుండు గోక్కుంటూనే ఉన్నాడు.

ఎండ, ఉక్క, వాన, మళ్లీ ఉక్క. ఇలాంటి వాతావరణంలో పనిచేసే పిల్లల డాక్టర్ల దగ్గరికి ఈ ఫిర్యాదు వారానికి చాలాసార్లే వస్తుంది. అయినా ఈ కేసు రాస్తున్నానంటే, ఇందులో నా మొదటి సలహా వల్ల బాబుకి ఒక ఇబ్బంది తగ్గి ఇంకొకటి పెరిగింది. అది ఎలా జరిగిందో ఇలాంటి పిల్లల్ని చూసేవాళ్లకీ, పెంచేవాళ్లకీ తెలియాలి. తల్లి అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటిరోజు చూసింది

మోకాళ్ల కింద, మోచేతుల కింద చిన్న చిన్న బుడిపెలు, మూడేసి నాలుగేసి గుంపులుగా. భూతద్దంతో చూస్తే ఒక్కో బుడిపె నడుమ సూదిమొన అంత చుక్క ఉంది. గోకి గోకి కొన్ని పుండ్లయ్యాయి, కొన్ని మానిపోయి నల్లమచ్చలు మిగిలాయి. చొక్కా విప్పించి చూస్తే ఛాతీ, పొట్ట, వీపు శుభ్రంగా ఉన్నాయి. బట్ట కప్పిన చోట ఏమీ లేకుండా, బయట కనిపించే చోటే వచ్చే దద్దుర్లు చాలావరకు పురుగు కాటువే. తిండి పడకపోతే వచ్చే దద్దుర్లు బట్ట ఉందా లేదా అని చూసుకోవు. ఒక చోట లేచి కొన్ని గంటల్లో మాయమై, ఇంకో చోట లేస్తాయి. బాబువి రోజుల తరబడి అక్కడే ఉంటున్నాయి.

నడుం పట్టీ దగ్గర, చంకల్లో, మోకాళ్ల వెనక నల్లటి పక్కు కట్టిన మచ్చ ఏమైనా ఉందా అని కూడా వెతికాను. గడ్డిలో ఆడే పిల్లలకు సన్నని పురుగుల కాటుతో స్క్రబ్ టైఫస్ అనే ప్రమాదకరమైన జ్వరం వస్తుంది. జ్వరంతో పాటు అలాంటి మచ్చ కనిపిస్తే దాన్ని ఎలర్జీ అనుకుని ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. బాబుకి జ్వరమూ లేదు, ఆ మచ్చా లేదు.

తల్లి ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయేంత వాపు. అలాంటి వాపుకి మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడారు. ఎంతసేపట్లో వాచింది అని అడిగితే, "పడుకునేటప్పుడు చిన్న బొడిపె, తెల్లారేసరికి ఇలా" అన్నారు. నొప్పి కన్నా దురదే ఎక్కువట. దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంలోని ప్రోటీన్లకు కొందరు పిల్లల ఒళ్లు ఇంత తీవ్రంగా స్పందిస్తుంది. దీన్ని స్కీటర్ సిండ్రోమ్ అంటారు. చర్మానికి ఇన్‌ఫెక్షన్ సోకితే వాపు పెరగడానికి సాధారణంగా రోజులు పడుతుంది, నొప్పి, వేడి పైకి తేలతాయి. కాటుకి వచ్చే వాపు గంటల్లో లేస్తుంది. కొద్దిపాటి జ్వరం దీనిలోనూ రావచ్చు కాబట్టి జ్వరం ఒక్కటే చూసి తేల్చకూడదు. వాపు ఎంత త్వరగా వచ్చిందన్న ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఆ మూడు కోర్సుల్లో కొన్నయినా తప్పేవేమో.

ముక్కు లోపల కండ పాలిపోయి ఉబ్బి ఉంది. కళ్ల కింద నల్లచారలు. అరచేత్తో ముక్కుని పైకి తోసి తోసి, ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడింది. ముక్కు ఎలర్జీ ఉన్న పిల్లల్లో తరచూ కనిపించే గుర్తులే ఇవి. పైగా దిబ్బడ తీసే జైలోమెటాజోలిన్ చుక్కలు నాలుగు నెలలుగా వేస్తున్నారు. ఆ చుక్కలు నాలుగైదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం దిగినప్పుడల్లా ముక్కు మునుపటి కన్నా గట్టిగా మూసుకుపోతుంది. రాత్రిపూట ఎలర్జీకని క్లోర్‌ఫెనిరమిన్ సిరప్ ఇస్తున్నారు, దాని మత్తు పొద్దున క్లాసులో కూడా దిగడం లేదని టీచర్ చెప్పారట. పగటిపూట ఛాతీ శుభ్రంగా వినిపించింది.

చుక్కలు ఆపించాను. మొదటి వారం దిబ్బడ పెరుగుతుందని ముందే చెప్పాను. ముక్కులోకి స్టిరాయిడ్ స్ప్రే, మత్తు తక్కువ కలిగించే ఎలర్జీ మందు సెటిరిజిన్, బుడిపెల మీద కొన్నాళ్లు రాయడానికి క్రీము ఇచ్చాను. స్ప్రే ఎలా కొట్టాలో చేసి చూపించాను. కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, మొన బయటి గోడ వైపు తిప్పి కొట్టాలి. నడిమి గోడకి కొడితే రక్తం వస్తుంది. చాలామంది "స్ప్రే పడలేదు" అని ఆపేసేది అందుకే. దాని పూర్తి పని తెలియాలంటే వారం, రెండు వారాలు పడుతుందని కూడా చెప్పాను.

వెళ్లేముందు ఒక మాటన్నాను. "దోమలు కుట్టకుండా జాగ్రత్తగా చూసుకోండమ్మా." ఎలా చూసుకోవాలో చెప్పలేదు, అప్పటికే ఏం చేస్తున్నారో అడగలేదు.

మూడు వారాల తర్వాత

కాట్లు సగానికి సగం తగ్గాయి. ముక్కు కూడా కొంచెం తెరుచుకుంది. కానీ ఒకరోజు రాత్రి ఒంటిగంటకు ఆయాసంతో, పిల్లికూతలతో బాబుని ఎమర్జెన్సీకి తీసుకెళ్లి నెబులైజర్ పెట్టించాల్సి వచ్చింది.

అప్పుడడిగాను, సాయంత్రాలు ఇంట్లో ఏం చేస్తున్నారని. తల్లి ఎంతో శ్రద్ధగా చెప్పారు. "మీరు చెప్పారు కదా అని ఐదింటికే కిటికీలన్నీ వేసేస్తున్నాం. దోమల స్ప్రే కొడుతున్నాం. ఇదివరకు ఒక కాయిల్ పెట్టేవాళ్లం, ఇప్పుడు మంచానికి అటొకటి ఇటొకటి." నాయనమ్మ అయితే కాయిల్ ఆరిపోకుండా నడిరాత్రి లేచి చూసేవారట.

ఆ మాట విన్నాక చాలాసేపు నాకు మనసు కుదుటపడలేదు. నా సలహా పాటించినందుకే పిల్లవాడికి ఊపిరి ఆడలేదు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక్క మస్కిటో కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే అతిసన్నని పొగ కణాల బరువు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని లెక్క తేలింది. కిటికీలు మూసిన గదిలో, రాత్రంతా, రెండు కాయిల్స్. దోమ నుంచి కాపాడాలని ఆ ఇంట్లో అందరూ నిద్ర మానుకుని మరీ చేసిన పని అది. వాళ్లని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అడగాల్సింది నేను.

ఆ రోజు మందులు మార్చడానికి ముందు ఒక నోటుబుక్కు ఇచ్చాను. మూడు గళ్లు గీశాను: ఏం వచ్చింది, ఎన్నింటికి వచ్చింది, అంతకుముందు గంటలో ఏం జరిగింది. "కారణం మీరు వెతకొద్దమ్మా. టైం ఒక్కటి సరిగ్గా రాయండి, చాలు" అన్నాను. రెండు వారాల గడువు పెట్టాం. కాయిల్, దోమల స్ప్రే గదిలో వద్దని, దోమతెర కట్టమని చెప్పాను. నాయనమ్మ ఒప్పుకోలేదు, తెర మీద ఆవిడకి నమ్మకం కుదరలేదు. చివరికి ఒక కాయిల్ వరండా తలుపు దగ్గర పెట్టేలా రాజీ కుదిరింది. ఆ రాజీ వల్లే మాకు అసలు ఆధారం దొరికింది.

ఇంగ్లండ్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టర్ తనకున్న తుమ్ముల జబ్బుకి గడ్డి పుప్పొడే కారణమని 1873లో ప్రకటించాడు. ఆయన జిగురు పూసిన గాజుపలకలు ఆరుబయట పెట్టి, వాటి మీద పడిన పుప్పొడి రేణువులను లెక్కపెట్టి, ఆ లెక్కని తన తుమ్ములతో పోల్చి చూసుకున్నాడు. ఎప్పుడు, ఎంత అన్న రెండు ప్రశ్నలతోనే అంతదూరం వెళ్లాడు. కాగితం మీద టైం రాయమని అడిగినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

నోటుబుక్కు చెప్పింది

తల్లి అద్భుతంగా రాశారు. పద్నాలుగు రోజులు, ఒక్కటీ వదలకుండా.

కొత్త బుడిపెలన్నీ సాయంత్రం ఐదున్నర, ఆరున్నర మధ్యవే. బాబు పెరట్లో మొక్కల కుండీల దగ్గర ఆడుకునే వేళ అది. పగలు కుట్టే ఏడిస్ దోమకి పొద్దున ఎండ ఎక్కే ముందు, సాయంత్రం చీకటి పడే ముందు ఆకలి ఎక్కువ. అంటే రాత్రి వెలిగించిన కాయిల్స్‌తో ఆ కాట్లకు సంబంధమే లేదు. అప్పటికే కుట్టి వెళ్లిపోయిన దోమల కోసం రాత్రంతా పొగ పెట్టారు.

రెండుచోట్ల "ఈరోజు బయటికే వెళ్లలేదు, అయినా కాళ్ల మీద పాతవి లేచాయి" అని రాసి ఉంది. తిండి మీద అనుమానం పుట్టింది ఇలాంటి రోజుల వల్లే. నిజానికి ఆ రెండు రోజులకూ ముందురోజు చేతి మీద కొత్త కాట్లు పడ్డాయి. ఒకచోట కొత్తగా కుడితే, పాత కాట్ల మచ్చలు కూడా మళ్లీ ఉబ్బి దురదపెట్టడం పాప్యులర్ అర్టికేరియా అనే ఈ స్థితిలో మామూలే.

రాత్రి దగ్గు పదింటికి మొదలై రెండింటిదాకా. పదకొండో రోజున మాత్రం "దగ్గు లేదు, హాయిగా పడుకున్నాడు" అని ఉంది. పక్క గడిలో: "కాయిల్స్ అయిపోయాయి." ఆ పేజీ నేను తల్లికి వివరించలేదు. ఆవిడే రాసింది ఆవిడే చదువుకుని, నా వైపు చూశారు. మర్నాటి నుంచి ఇంట్లో కాయిల్ వెలగలేదు. నాయనమ్మే స్వయంగా దోమతెర అంచులు పరుపు కిందికి దోపడం మొదలుపెట్టారు.

ఇక తుమ్ములు. లేవగానే ఆరింటికి వరసగా పదీ పన్నెండు తుమ్ములు. హాల్లో పడుకున్న రెండు రాత్రుల తర్వాత అవి లేవు. పడకగదిలో ఏముందో ఫోటోలు తీసి పంపమన్నాను. బీరువా వెనక గోడంతా నల్లని బూజు. ఎండ మొహం చూడని దూది దిండు. ఇవి కాక, పెరట్లో గడ్డి కోసిన శనివారాలు కళ్లు ఎర్రబడి, నీరు కారడం విడిగా కనిపించింది.

తిండికి, దద్దుర్లకు మధ్య టైం ఎక్కడా కలవలేదు. తిండి పడకపోతే సాధారణంగా నిమిషాల నుంచి రెండు గంటల్లోపు తెలుస్తుంది. మాన్పించినవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టమన్నాను. తల్లి ఎంత టెన్షన్ పడ్డారో చెప్పలేను. మొదటిది పెట్టిన రోజు ఆసుపత్రి వరండాలోనే కూర్చుని పెట్టారు. ఏమీ కాలేదు. ఏడాదిన్నరగా ఆగిపోయిన బరువు తర్వాతి మూడు నెలల్లో పెరగడం మొదలైంది.

పరీక్షలు

చర్మం మీద చేసే ప్రిక్ టెస్ట్‌కి ముందు వారం రోజులు సెటిరిజిన్ ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుతుంది. ఆ వారం బాబు చాలా అవస్థపడ్డాడు. డస్ట్ మైట్లు (ఇంటి దుమ్ములో బతికే, కంటికి కనిపించని పురుగులు), ఆల్టర్నేరియా అనే బూజు, గడ్డి పుప్పొడి, మూడూ పాజిటివ్. బొద్దింక నెగెటివ్. ఊపిరి పరీక్షలో గాలి గొట్టాలు బిగుసుకుని ఉన్నాయని, వాటిని వదులుచేసే సాల్‌బుటమాల్ మందు పీల్చాక బాగా తెరుచుకున్నాయని తేలింది. ఉబ్బసం ఉంది. కాయిల్ పొగ దాన్ని పుట్టించిందని నేననను. ఉన్నదాన్ని రగిల్చింది.

ఇన్‌హేలర్ అనగానే "అలవాటు పడిపోతాడేమో" అన్నారు తల్లి. అలవాటు కాదని, తక్కువ మోతాదు స్టిరాయిడ్ నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుందని, స్పేసర్ గొట్టంతో పీల్చి నోరు పుక్కిలిస్తే చాలని చెప్పాను. ఆ భయం ఒక్కరోజులో పోలేదు. మూడో విజిట్‌లో కూడా అదే ప్రశ్న వచ్చింది, అదే జవాబు చెప్పాను.

ఇంటి చుట్టూ చేసిన పని

మందుల కన్నా ఎక్కువసేపు మేము నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఉక్కగా ఉండే రోజుల్లో దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ అవడానికి వారం పది రోజులు సరిపోతాయి. అందుకే వారానికోసారి, తప్పకుండా ఒకే రోజున, నిలిచిన నీళ్లన్నీ పారబోయాలి. పారబోస్తే సరిపోదు. ఏడిస్ గుడ్లు పాత్ర గోడకి, నీటి అంచుకి కాస్త పైన అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి బ్రష్‌తో గోడలు రుద్దాలి. కుండీల కింది పళ్లేలు పదకొండు, పాత టైరు ఒకటి, ఆకులు అడ్డుపడి నీరు నిలిచిన చూరు గొట్టం ఒకటి దొరికాయి. పళ్లేలు రుద్దే పని బాబుకే అప్పగించాం. ఆదివారం పొద్దున, పొడవు ప్యాంటు వేసుకుని. తన జబ్బుకి తనే ఏదో చేస్తున్నానన్న ఉత్సాహం వాడి ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది.

సాయంత్రం ఆట మాన్పించవద్దని గట్టిగా చెప్పాను. లేత రంగు పొడవు చేతుల చొక్కా, బయట కనిపించే చర్మానికి దోమల్ని దగ్గరికి రానివ్వని డీట్ అనే మందు 20 శాతం ఉన్న రిపెల్లెంట్. పెద్దవాళ్లే తమ చేతికి పోసుకుని పిల్లవాడికి రాయాలి, వాడి అరచేతులకి, కళ్లు, నోటి దగ్గర రాయకూడదు, లోపలికి రాగానే సబ్బుతో కడగాలి. రెండు నెలల లోపు పసిపిల్లలకు అసలు వాడకూడదు. ఇంట్లో చంటిపిల్ల ఉందని తెలిశాక ఈ మాట రెండుసార్లు చెప్పాను. వరండాలో ఒక టేబుల్ ఫ్యాన్ కాళ్ల వైపు తిప్పి పెట్టారు. దోమ బలహీనంగా ఎగురుతుంది, ఫ్యాన్ గాలికి నిలవలేదు. ఇంత తేలికైన ఉపాయాన్ని ఇంతమంది వదిలేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

గడ్డి కోసే రోజు బాబు ఇంట్లోనే ఉండాలి, ఆ కాసేపు కిటికీలు వేసుకోవాలి. సాయంత్రం ఆడి వచ్చాక తలస్నానం, లేకపోతే జుట్టులోని పుప్పొడి దిండుకెక్కుతుంది. ఉరుముల వాన ముందు గాలి దుమారం లేస్తున్నప్పుడు బయట ఉండకూడదని కూడా చెప్పాను. తడిసిన పుప్పొడి పగిలి ఇంకా సన్నని ముక్కలై ఊపిరితిత్తుల లోతుకి వెళ్తుంది. 2016 నవంబర్ 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇలాంటి ఒక్క సాయంత్రం వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పదిమంది చనిపోయారు. భయపెట్టడానికి కాదు, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలన్నది ఇంట్లో అందరికీ నాటుకోవాలని చెప్పాను.

తేనెటీగ, కందిరీగ, చీమ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం ఎప్పుడైనా జరిగిందా అని ప్రతి కుటుంబాన్నీ అడుగుతాను. వీళ్లకి లేదు. ఉండి ఉంటే ఈ ప్రణాళికలో మొట్టమొదటి వస్తువు తొడకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ అయ్యేది.

మళ్లీ వెనక్కి

ఆరువారాలకు బాబు చాలా బాగున్నాడు. పదకొండో వారంలో పొద్దుటి తుమ్ములు మళ్లీ మొదలయ్యాయి.

వానలు ముదిరాయి, దోమలు పెరిగాయి. ఇంట్లోవాళ్లు కిటికీలు పగలూ రాత్రీ తెరవడం మానేశారు. తడి బట్టలు పడకగదిలోనే ఆరేస్తున్నారు. చిన్న తేమ మీటర్ తెచ్చి గదిలో పెట్టమంటే 82 శాతం చూపించింది. డస్ట్ మైట్లు నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. తేమ 50 శాతం దాటితే వాటికి సుఖం, 80 అయితే పండగే. బూజు సంగతి చెప్పక్కర్లేదు. దోమకి తలుపు మూస్తే బూజుకి తెరిచినట్టయింది. ఉక్క ప్రాంతంలో ఈ వైద్యంలోని అసలు కష్టం ఇదే, మందుల చీటీ మీద ఇది ఎక్కడా కనిపించదు.

ఈసారి కిటికీలకి సన్నని జాలీ బిగించారు. మధ్యాహ్నం గాలి కాస్త పొడిగా ఉండే వేళ రెండు గంటలు తెరుస్తున్నారు. బట్టలు వరండాలోకి మారాయి. బీరువాని గోడకి జానెడు దూరం జరిపారు. గోడలోకి నీరు దిగుతున్న పగులు పూడ్చాకే బూజు కడిగారు, ముందు కడిగి ఉంటే పదిరోజుల్లో మళ్లీ వచ్చేది. ఆ పని జరుగుతున్నన్నాళ్లు బాబుని వేరే గదిలో ఉంచారు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతున్నారు. మీటర్ 50కి ఎప్పుడూ దిగలేదు. 60, 65 దగ్గర ఆడింది. అయినా మూడు వారాల్లో తుమ్ములు సగానికి పైగా తగ్గాయి.

అదే నెలలో తల్లి కంగారుగా ఫోన్ చేశారు. బాబు మెడ మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి గీత, మంట, చిన్న చిన్న పొక్కులు. "మళ్లీ ఎలర్జీయా?" కాదు. ముందురోజు రాత్రి దీపం కింద చదువుకుంటూ మెడ మీద ఏదో పాకితే అరచేత్తో నలిపేశాడట. నారింజ, నలుపు చారల సన్నని రోవ్ బీటిల్. అది కుట్టదు, కరవదు. నలిగితే దాని ఒంట్లోని పెడరిన్ అనే విషం చర్మాన్ని కాలుస్తుంది, మంట ఒకరోజు ఆగి బయటపడుతుంది. సబ్బునీళ్లతో కడగడం, చల్లని గుడ్డ, కొద్దిరోజులు క్రీము. రెండు వారాల్లో నల్లమచ్చ ఒక్కటే మిగిలింది. వానాకాలం రాత్రుళ్లు వరండా దీపం ఆర్పేయమని, ఒంటి మీద పాకితే చంపకుండా ఊదేయమని వాడికే నేర్పాను.

ఏడాది గడిచాక

ఈ ఏడాది వానలకి ఒక్కసారి కూడా యాంటీబయాటిక్ అవసరం పడలేదు. రాత్రిపూట ఎమర్జెన్సీకి వెళ్లలేదు. ఇన్‌హేలర్ మోతాదు సగానికి తగ్గించాం. కాట్లు ఇంకా పడుతున్నాయి కానీ బుడిపెలు చిన్నవిగా లేచి రెండు మూడు రోజుల్లో అణిగిపోతున్నాయి. వయసు పెరిగే కొద్దీ చాలామంది పిల్లల్లో ఈ తీవ్రత దానంతటదే తగ్గుతుంది కాబట్టి ఆ మెరుగంతా మా పని వల్లేనని చెప్పుకోను.

గడ్డి కోసే శనివారాలు మాత్రం ఇంకా లొంగలేదు. ఎంత జాగ్రత్తపడినా కళ్లు ఎర్రబడుతున్నాయి. పుప్పొడికి ఇమ్యునోథెరపీ (పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే వైద్యం) మొదలుపెడదామా అని తల్లి అడుగుతున్నారు. మూడు నుంచి ఐదేళ్లు విడవకుండా చేయాల్సిన వైద్యం అది, ఉబ్బసం బాగా అదుపులో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. వచ్చే గడ్డి పూతకి ముక్కు స్ప్రేని రెండు వారాలు ముందుగానే మొదలుపెట్టి చూద్దామని, అప్పటికీ బడి మానాల్సి వస్తుంటే నిర్ణయం తీసుకుందామని అనుకున్నాం. నోటుబుక్కులో ఆ నెలకి గళ్లు ఈసారి బాబే గీసుకున్నాడు.